అనుమతి దొరికితే అమానతు తీరిపోతుందా?

2025 డిసెంబరులో ఒక శుక్రవారం నాచారంలోని ఓ మస్జిదులో జుమా నమాజు ముగిశాక ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. వయసు అరవై దాటింది. అక్కడి పారిశ్రామికవాడలో ఆయనకు ఒక షెడ్డు ఉంది. నాలుగు లేత్ మిషన్లు, రెండు పవర్ ప్రెస్‌లు, పద్నాలుగు మంది పనివారు. పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసి ఇస్తారు.

"మౌలానా సాబ్! షెడ్డు స్థలం నా సొంతం. సేల్ డీడ్ నా పేరునే ఉంది. రుసుము కడితే అక్కడ అపార్టుమెంట్లు కట్టుకోవచ్చని ప్రభుత్వం జీవో తీసింది. బిల్డరు వచ్చి మాట్లాడి వెళ్ళాడు. ముప్పై ఏళ్ళు మిషన్ల దగ్గర నిలబడి సంపాదించనిది ఒక్క సంతకంతో వస్తుంది. ఇందులో షరీఅత్ ప్రకారం తప్పేమైనా ఉందా?" అని అడిగారు.

"సొంత ఆస్తి అమ్ముకోవడం జాయిజే కదా చాచా" అని వెంటనే అనబోయి ఆగిపోయాను. ఆ మాట నిజమే. కాని ఆయనకు తెలియనిదీ కాదు. అంతమాత్రమే అయితే ఆయన నన్ను అడిగేవారే కాదు. రెండు వారాల గడువు తీసుకున్నాను. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ ప్రాంతాల్లో మన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కొందరు షెడ్ల యజమానులు, ఎక్కువమంది ఆ షెడ్లలో పనిచేసేవారు, మిగతావారు ఆ గోడల పక్కనే కాపురముంటున్నవారు. ముగ్గురికీ సంబంధించిన ప్రశ్న గనుక ఆయనకు చెప్పిన జవాబును పాఠకుల ముందు కూడా ఉంచుతున్నాను.

ఈ నేల ఎందుకు ఇచ్చారు?

మొదట వాస్తవాలు చూద్దాం. పరిశ్రమల స్థాపనకు భూమి సమకూర్చేందుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1973లో పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థను (ఏపీఐఐసీ) నెలకొల్పింది. రాష్ట్ర విభజన తర్వాత 2014లో తెలంగాణకు విడిగా అలాంటి సంస్థ ఏర్పడింది. ప్రభుత్వమే భూమిని సమకూర్చి, రోడ్లు వేసి, కరెంటు, నీరు తెచ్చి, ప్లాట్లు చేసి పరిశ్రమ పెట్టేవారికి ఇవ్వడం ఈ వాడల పద్ధతి. ఎవరినో ధనవంతుల్ని చేయాలని ఇలా చేయలేదు. ఆ నేల మీద సరుకు తయారు కావాలి, నలుగురికి పని దొరకాలి, ఆ సరుకు ఇతర రాష్ట్రాలకు, ఇతర దేశాలకు వెళ్ళి ఇక్కడికి ఆదాయం రావాలి అన్నదే ఉద్దేశం.

ఆ ఉద్దేశం వృథా పోలేదు. రైల్వేలకు ఎలక్ట్రానిక్ పరికరాలు తయారుచేసే మేధా సర్వో డ్రైవ్స్ చిరునామా నాచారం పారిశ్రామికవాడే. ప్రపంచంలోని ఔషధ కంపెనీలకు పరిశోధన చేసిపెట్టే ఆరాజెన్ (పూర్వపు జీవీకే బయో) చిరునామా కూడా అదే. 2005 నాటి ప్రత్యేక ఆర్థిక మండళ్ల చట్టం వచ్చాక ఉప్పల్ పారిశ్రామికవాడలోనే ఐటీ సేవల ఎగుమతి కోసం ఒక ప్రత్యేక మండలి వెలిసింది. అంటే లేత్ మిషన్ ఉన్న వాడలోకి ప్రయోగశాల వచ్చింది, కంప్యూటరు వచ్చింది. పని రూపం మారింది గాని పని ఆగలేదు.

మరోపక్క నగరం పెరిగి వాడల చుట్టూ ఇళ్ళు వచ్చాయి. పొగ, వాసన, మురుగు ప్రజలను బాధించసాగాయి. కాలుష్య పరిశ్రమలను ఔటర్ రింగ్ రోడ్డు వెలుపలికి తరలించాలని 2013లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. 2020లో తెలంగాణ ప్రభుత్వం ఐటీ రంగాన్ని నగరం నలుమూలలకూ విస్తరించే 'గ్రిడ్' విధానాన్ని తెచ్చింది. తూర్పు వైపున ఉప్పల్, నాచారం దాని పరిధిలోకి వచ్చాయి. ఆ తర్వాత 2025 నవంబరులో పరిశ్రమల శాఖ 27వ నంబరు జీవో జారీ చేసింది. పత్రికలు దీన్నే 'హిల్ట్' విధానమన్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాని సమీపాన ఉన్న 22 పారిశ్రామికవాడల్లోని సుమారు 9,292 ఎకరాలకు ఇది వర్తిస్తుందన్నారు. వాటిలో ఉప్పల్, నాచారం ఉన్నాయి. 80 అడుగులకన్నా తక్కువ వెడల్పు రోడ్డు మీద ఉన్న స్థలానికి రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, అంతకు మించిన రోడ్డు మీద ఉంటే 50 శాతం రుసుము చెల్లించి నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకోవచ్చన్నది దాని సారాంశం.

దీనిపై వాదోపవాదాలు జరిగాయి. ఇవి పూర్తి యాజమాన్య హక్కులు పొందిన స్థలాలు, మార్పిడి వల్ల కాలుష్యం పోతుంది, ఖజానాకు ఆదాయం వస్తుంది అని ప్రభుత్వం అన్నది. పరిశ్రమ కోసం చౌకగా ఇచ్చిన భూమిని రిజిస్ట్రేషన్ విలువలో కొంత భాగానికే వదిలేస్తే, దానికీ మార్కెట్ ధరకూ మధ్యనున్న లాభం ప్రైవేటు వ్యక్తులకు పోతుందని ప్రతిపక్షాలు అన్నాయి. వ్యవహారం హైకోర్టుకూ వెళ్ళింది. రాజకీయ పక్షాల్లో ఎవరిది పైచేయి అన్నది మన చర్చ కాదు. ఆ చాచా లాంటి ఒక మనిషి అల్లాహ్ ఎదుట ఏం జవాబు చెప్పుకోవాలన్నదే మన చర్చ.

వ్యాపార విధానం ధర్మానికి బయటిదా?

సుంకాలు, రాయితీలు, లైసెన్సులు ప్రాపంచిక వ్యవహారాలనీ, నమాజు, రోజాలే ధర్మమనీ కొందరు అనుకుంటారు. ఇది పొరపాటు. హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో నబతీ వర్తకులు మదీనాకు సరుకులు తెచ్చేవారు. పప్పుధాన్యాల మీద ఆయన పదోవంతు సుంకం వసూలు చేసేవారు. గోధుమలు, నూనె మీద మాత్రం అందులో సగమే తీసుకునేవారు. ఆ రెండూ మదీనాకు సమృద్ధిగా రావాలన్నది ఆయన ఉద్దేశమని ఇమామ్ మాలిక్ (రహ్మ) తన ముఅత్తాలో నమోదు చేశారు. గమనించండి. తగ్గించిన ఆ సగం సుంకం వర్తకునికి బహుమానం కాదు. మదీనాలోని పేదవాని రొట్టె కోసం వర్తకుని చేతికిచ్చిన సొమ్ము అది. వర్తకుడు ఆ రాయితీ తీసుకుని గోధుమలు మాత్రం తేకపోతే, లేదా తెచ్చి దాచిపెడితే, అతను పేదవాని సొమ్ము తిన్నట్టే.

నేటి ఎగుమతి విధానాల్లోనూ ఈ సూత్రమే కనిపిస్తుంది. విదేశాల నుంచి యంత్రం తెచ్చుకునే తయారీదారుకు దిగుమతి సుంకం మాఫీ చేసే ఈపీసీజీ పథకం ఉంది. మాఫీ అయిన సుంకానికి ఆరు రెట్ల విలువగల సరుకును ఆరేళ్ళలో ఎగుమతి చేయాలన్నది దాని షరతు. చేయలేకపోతే సుంకాన్ని వడ్డీతో సహా తిరిగి కట్టాలి.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఎగుమతి సరుకు మీద జీఎస్టీ ఉండదు గనుక, ముందే కట్టిన పన్ను ఎగుమతిదారుకు తిరిగి వస్తుంది. 2021 జనవరి నుంచి అమలులోకి వచ్చిన రోడ్‌టెప్ పథకం కూడా సరుకులో దాగి ఉన్న ఇతర పన్నులను వాపసు ఇచ్చేదే. ఇది తనది తనకు రావడం. దానికి ముందున్న ఎంఈఐఎస్ అలాంటిది కాదు. అది ఎగుమతికి ప్రోత్సాహకంగా ఇచ్చిన సొమ్ము. 2019 అక్టోబరులో ప్రపంచ వాణిజ్య సంస్థ విచారణ సంఘం ఆ పథకాన్ని నిబంధనలకు విరుద్ధమన్నది కూడా ఈ తేడా వల్లనే. మనది మనకు తిరిగివస్తే దాన్ని ఎలా వాడుకున్నా అడిగేవారుండరు. ఒక పని కోసం ఇతరుల సొమ్ము మన చేతికొస్తే ఆ పని మన మెడకు చుట్టుకునే ఉంటుంది. దాన్నే మనం అమానతు అంటాం. అమానతులను వాటి హక్కుదారులకు చేర్చమని దివ్యఖుర్ఆన్ నిసా సూరా 58వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు.

ఇచ్చిన భూమిని తిరిగి అడిగిన సందర్భాలు

భూమి విషయంలో మనకు రెండు స్పష్టమైన ఉదాహరణలున్నాయి. దైవప్రవక్త (సఅసం) బిలాల్ బిన్ హారిస్ ముజనీ (రజి)కి విశాలమైన భూమిని ప్రసాదించారు. ఉమర్ (రజి) ఖలీఫా అయ్యేనాటికి అందులో చాలా భాగం బీడుగానే ఉంది. ఉమర్ (రజి) ఆయనను పిలిచి, దైవప్రవక్త (సఅసం) ఈ భూమిని ఇచ్చింది ప్రజలకు అందకుండా పట్టుకుని కూర్చోవడానికి కాదు, సాగు చేయడానికని గుర్తుచేశారు. చేయగలిగినంత ఉంచుకుని మిగిలింది తిరిగి ఇమ్మన్నారు. ఇచ్చినవారు స్వయంగా దైవప్రవక్త (సఅసం), పుచ్చుకున్నవారు సహాబీ. అయినా ఆ దానం వెనుక ఉన్న ఉద్దేశం మాసిపోలేదు.

రెండోది అబ్‌యజ్ బిన్ హమ్మాల్ (రజి) విషయం. ఆయన మఆరిబ్‌లోని ఉప్పు గనిని కోరగా దైవప్రవక్త (సఅసం) ఇచ్చారు. అది ఎడతెగక ఊరే నీటి వంటిదని, అంటే ప్రజలందరూ వాడుకునేదని సభలో ఒకరు తెలిపారు. వెంటనే దైవప్రవక్త (సఅసం) దాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రజల హక్కు బయటపడినప్పుడు పాలకుడు తన ఆజ్ఞను తానే సరిదిద్దుకోవచ్చని, అందులో అవమానమేమీ లేదని ఈ సంఘటన నేర్పుతుంది.

చాచాకు ఈ రెండు సంఘటనలు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "కాని మౌలానా సాబ్, నేను బీడు పెట్టలేదే! ముప్పై ఏళ్ళు నడిపాను. ఉచితంగానూ తీసుకోలేదు, డబ్బు కట్టి కొన్నాను" అన్నారు.

ఆయన అభ్యంతరం న్యాయమైనదే. అందుకే ఆయన స్థలాన్ని బిలాల్ (రజి) భూమితో సమానం చేసి "హరామ్" అనే మాట వాడే ధైర్యం నేను చేయలేదు. డబ్బిచ్చి కొన్న ఆస్తి మీద మనిషికి హక్కుంది. పైగా షరతు పెట్టినవారే షరతు సడలిస్తే ఇక దోషమేమిటి అని కూడా అడగవచ్చు. అసలు ప్రశ్న ఇక్కడే ఉంది.

అనాథ సొమ్ముకు సంరక్షకుడు

ఒక వ్యక్తికి మీరు బాకీ ఉన్నారనుకోండి. అతను మాఫీ చేస్తే బాకీ తీరిపోతుంది. కాని ఆ బాకీ ఒక అనాథ పిల్లవానిదై, మాఫీ చేసింది అతని సంరక్షకుడైతే? ఫిఖ్‌హ్ చదివిన ఏ విద్యార్థి అయినా చెబుతాడు, సంరక్షకునికి ఆ అధికారం లేదు. అనాథ ఆస్తిని తగిన ధరకు అమ్మవచ్చు, అతని మేలు కోసం మార్చవచ్చు. అయినకాడికి వదిలేసే హక్కు మాత్రం లేదు. తెలిసి తీసుకున్నవాడు కూడా నిర్దోషి కాడు.

ప్రజాధనం విషయంలో తాను అనాథ ఆస్తికి సంరక్షకుని వంటివాణ్ణని ఉమర్ (రజి) చెప్పుకునేవారు. ప్రజల వ్యవహారాల్లో పాలకుని ప్రతి నిర్ణయం ప్రజల మేలుకు కట్టుబడి ఉండాలన్న సూత్రాన్ని ఫిఖ్‌హ్ పండితులు ఇలాంటి వాటి నుంచే రూపొందించారు. పారిశ్రామికవాడ షరతు ఎవరి మేలు కోసం పెట్టింది? అధికారి కోసం కాదు. అక్కడ పని వెతుక్కునేవారి కోసం, ఆ ఊరి కోసం. కాబట్టి ప్రభుత్వం ఆ షరతును సడలించవచ్చు గాని, దాని బదులు ఆ ప్రజలకు ఏం దక్కుతోందో చూపించాలి. చూపించలేని అనుమతి ప్రాపంచిక చట్టం నుంచి మనల్ని కాపాడవచ్చు. అంతమాత్రాన పరలోక విచారణ నుంచి కాపాడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇది ఊహ కాదనడానికి బొంబాయి మిల్లులే సాక్ష్యం. 1982 జనవరి 18న అక్కడి బట్టల మిల్లుల్లో సమ్మె మొదలైంది. రెండు లక్షలకు పైగా కార్మికులు పాల్గొన్నారు. మన తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలీలు కూడా ఆ మిల్లుల్లో ఎందరో పనిచేసేవారు. ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిగిలింది నగరం నడిబొడ్డున సుమారు 600 ఎకరాల నేల. 1991లో ప్రభుత్వం ఒక న్యాయమైన పంపకం చేసింది. స్థలాన్ని మార్చుకునే యజమాని మూడింట ఒక వంతు పార్కులు, మైదానాల కోసం నగరపాలక సంస్థకు, ఒక వంతు ప్రజల ఇళ్ళ కోసం గృహనిర్మాణ సంస్థకు ఇచ్చి, మిగతా వంతు తాను ఉంచుకోవాలి. 2001లో ఆ నియమాన్ని సవరించారు. మొత్తం నేలను కాక, కట్టడాలు లేని ఖాళీ జాగాను మాత్రమే లెక్కలోకి తీసుకుంటామన్నారు. దాంతో ప్రజల వాటా బాగా కుంచించుకుపోయింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. చట్టప్రకారం అంతా సక్రమమే. కాని ఆ పిల్లల మైదానం, ఆ కార్మికుని ఇల్లు ఏమయ్యాయి?

హానిని తీసేయడమా, మరొకరి మీదికి నెట్టడమా?

కాలుష్యం మాటేమిటి? తాను హానికి గురికాకూడదు, మరొకరికి హాని చేయకూడదు అన్నది దైవప్రవక్త (సఅసం) బోధ. పక్కింటి పసిపిల్లల ఊపిరితిత్తుల్ని పణంగా పెట్టి నడిపే పరిశ్రమకు "ఉపాధి" అనే మాట సాకు కాజాలదు. ఆ హానిని ఆపించడం ప్రభుత్వ విధి. 2014లో వచ్చిన టీఎస్ ఐపాస్ చట్టం అనుమతుల దరఖాస్తులు రోజుల లెక్కన పరిష్కరించమంది. యజమాని స్వయంగా ఇచ్చే ధ్రువీకరణకు పెద్దపీట వేసింది. అధికారుల వేధింపు తగ్గడం మంచిదే. కాని స్వయం ధ్రువీకరణ అంటే సాక్ష్యమే. అందులో అబద్ధం రాసినవాడు అబద్ధపు సాక్ష్యం చెప్పినవాడవుతాడు.

అయితే ఒక హానిని మరో హానితో తొలగించలేమన్నది కూడా ఫిఖ్‌హ్ సూత్రమే. శుద్ధి చేయని పరిశ్రమను నాచారం నుంచి తీసి ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఒక రైతు బావి పక్కన పెడితే హాని పోయినట్టా? ఈ జిల్లాల్లో దీనికి ఉదాహరణ ఉంది. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలాలు అక్కడి చెరువులను, బావులను పాడుచేయగా ప్రజలు ఏళ్ళ తరబడి సుప్రీంకోర్టులో పోరాడారు. చివరకు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి సుమారు 18 కిలోమీటర్ల పైపులైను వేసి ఆ నీటిని అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి మళ్ళించారు. అది ఉప్పల్‌కు దగ్గరే, మూసీ ఒడ్డునే ఉంది. మూసీ దిగువన ఆ నీటితో పొలాలు తడుపుకునే రైతులున్నారు. కాబట్టి పుట్టిన చోటే శుద్ధి చేయించడం మొదటి కర్తవ్యం, తరలింపు దాని తర్వాతి మాట.

చాచాకు చెప్పిన జవాబు

చివరికి నేను ఆయనతో ఇలా అన్నాను: "చాచా! అమ్మడం మీకు నిషిద్ధమని నేను చెప్పలేను. కాని అమ్మేముందు మూడు లెక్కలు తేల్చండి.

"మొదటిది, ధర. పుచ్చుకున్నంతా కాగితం మీద చూపించండి. ఖజానాకు చెందిన రూపాయిని దాచడం అనాథ సొమ్ము దాచడమే.

"రెండోది, నేల. ముప్పై ఏళ్ళు పోసిన పాత నూనె, యాసిడ్ ఆ మట్టిలో ఉన్నాయి. రేపు అక్కడ పిల్లలు ఆడుకుంటారు. లోపం దాచి సరుకు అమ్మడం ఎలాంటిదో మీకు తెలుసు. మట్టిని పరీక్ష చేయించి, కొనేవారికి చెప్పండి.

"మూడోది, ఆ పద్నాలుగు మంది."

ఈ మూడో మాట చెప్పేటప్పుడు నా గొంతు నా వశంలో లేదు. కారణం దాచను. మా నాన్నగారు కూడా ఇటువైపే ఒక షెడ్డులో లేత్ మీద పనిచేసేవారు. పద్దెనిమిదేళ్ళు చేశాక షెడ్డు మూశారు. యజమాని రెండు నెలల జీతం చేతిలో పెట్టి పంపించేశారు. అదే ఏడాది రంజాన్‌లో ఆ యజమాని మా ఇంటికి జకాత్ డబ్బు పంపారు. మా నాన్న ఆయన కోసం చేతులెత్తి దుఆ చేశారు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం ఐదేళ్ళు నిండిన పనివానికి, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల వేతనం రావాలని మాకు అప్పుడు తెలియదు. పదిమంది పైగా ఉన్న ఆ షెడ్డుకు ఆ చట్టం వర్తించేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ హక్కును కొనసాగించింది. మదర్సాలో జకాత్ అధ్యాయం చదువుతున్న రోజున, తాను చెల్లించాల్సిన బాకీని జకాత్‌గా లెక్కవేస్తే జకాత్ నెరవేరదని ఉస్తాద్ చెప్పారు. నాకు ఆ రంజాన్ గుర్తొచ్చింది. ఆ యజమాని చెడ్డవాడు కాదు. కాని ఆయన బాకీ తీరలేదు. ఆయన జకాత్ సంగతి అల్లాహ్‌కే తెలుసు.

అందుకే షెడ్ల యజమానులైన సోదరులకు నా మనవి ఒక్కటే. పనివాని బాకీని ఖైరాత్ ఖాతాలో రాయకండి. ముందు బాకీ తీర్చండి. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (సఅసం) ఆదేశం షెడ్డు మూసే రోజుకు కూడా వర్తిస్తుంది. ఆ పైన, అమ్మిన సొమ్ములో కొంత పెట్టి మరోచోట చిన్న యూనిట్ నడిపి పాతవారికి పని ఇస్తే అది ఇహ్‌సాన్. ఫర్జ్ కాదు, కాని ఆ నేల మీకు దక్కిన ఉద్దేశం అక్కడ బతుకుతుంది.

యజమానులు కానివారికీ బాధ్యత ఉంది. మన వాడల భూమి మారుతుంటే పాఠశాలకు, ఆసుపత్రికి, ఆటస్థలానికి ఎంత వదిలారని అడగడం, అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇవ్వడం గొడవ చేయడం కాదు. ఉప్పు గని విషయంలో సభలో లేచి ఒక్క మాట చెప్పిన ఆ వ్యక్తి చేసింది కూడా అదే.

చాచా చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. తర్వాత జేబులోంచి ఓ పాత రసీదు తీసి వెనుక వైపు తిప్పి, "రాయండి మౌలానా సాబ్" అన్నారు. పద్నాలుగు మంది పేర్లు, ఎవరు ఏ ఏట చేరారో ఒక్క తడబాటు లేకుండా చెప్పారు. అందరికన్నా పాతవారు ఇరవై ఆరేళ్ళ క్రితం చేరారు. అమ్ముతారో లేదో ఆయన నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ కాగితాన్ని మాత్రం జాగ్రత్తగా మడిచి తీసుకెళ్ళారు.

అల్లాహ్ మన సంపాదనను పరిశుద్ధం చేయుగాక! ఇతరుల హక్కు మన మెడ మీద ఉండగా తన సన్నిధికి రాకుండా మనల్ని కాపాడుగాక! ఆమీన్.